నాలుగు నిమిషాలకే ఆగిపోతున్న వీడియో.. లోపం ఎక్కడ?

ఒకటే స్విచ్, ఒకటే వీల్యాన్. ఒక కంప్యూటర్ నుంచి వీడియోను మల్టీకాస్ట్‌లో పంపుతున్నారు. ఇంకో కంప్యూటర్‌లో అది చక్కగా కనిపిస్తోంది. నాలుగు నిమిషాలు దాటగానే బొమ్మ ఆగిపోయింది. ప్లేయర్ మూసి మళ్లీ తెరిస్తే వస్తోంది. మళ్లీ నాలుగు నిమిషాలే! కేబుల్ మార్చారు, పోర్టు మార్చారు, సిస్టమ్ రీస్టార్ట్ చేశారు. ఫలితం లేదు. కారణం ఏమై ఉంటుంది?

నెట్‌వర్క్ ఇంజినీర్ ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న ఎదురైతే 'బ్యాండ్‌విడ్త్ చాలట్లేదేమో', 'ఫైర్‌వాల్ ఆపుతోందేమో' అని ఊహల్లోకి వెళ్లిపోవడం సులువు. ఓఎస్ఐ ఏడు లేయర్లను గడగడా అప్పజెప్పేవాళ్లకు కొదవలేదు. సబ్‌నెట్టింగ్ లెక్కలు నోటితో చేసేవాళ్లూ ఉన్నారు. కానీ పై ప్రశ్నకు బట్టీ జవాబు దొరకదు. మల్టీకాస్ట్ అడ్రస్ ఎలా తయారవుతుంది, స్విచ్ దాన్ని ఏ పోర్టులకు పంపాలో ఎలా తేల్చుకుంటుంది, తేల్చుకున్నదాన్ని ఎంతసేపు గుర్తుపెట్టుకుంటుంది.. ఈ మూడూ తెలిసినవాళ్లే చెప్పగలరు. నా దృష్టిలో ఫ్రెషర్‌కు నెట్‌వర్కింగ్ నిజంగా వచ్చో రాదో తేల్చడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. అందుకే దీన్ని మొదటి నుంచీ విప్పి చూద్దాం.

పేపర్ బాయ్ లెక్క

యూనికాస్ట్ అంటే కొరియర్. ఒక కవర్, ఒక చిరునామా. బ్రాడ్‌కాస్ట్ అంటే ఊళ్లో దండోరా. కావాలన్నా వద్దన్నా అందరి చెవినా పడుతుంది. మల్టీకాస్ట్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది, పొద్దున్నే వచ్చే పేపర్ లాగా. చందా కట్టిన ఇళ్లకే వస్తుంది. ఏ ఇల్లు చందాదారో ఎడిటర్‌కు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఆ సంగతి వీధిలో తిరిగే పేపర్ బాయ్‌కి తెలిస్తే చాలు. నెట్‌వర్క్‌లో ఆ పేపర్ బాయ్ పాత్ర స్విచ్‌ది.

లెక్క వేస్తే లాభం తెలుస్తుంది. మీ కాలేజీ సెమినార్ హాల్లో జరిగే కార్యక్రమాన్ని 40 తరగతి గదుల్లో లైవ్‌గా చూపించాలనుకోండి. ఒక్కో వీడియో 4 ఎంబీపీఎస్. యూనికాస్ట్‌లో పంపితే సర్వర్ నుంచి 160 ఎంబీపీఎస్ బయలుదేరాలి. మల్టీకాస్ట్‌లో అయితే 4 ఎంబీపీఎస్ చాలు. దారి చీలిన చోట స్విచ్చే కాపీలు తీసుకుంటుంది.

ఇంత బాగుంటే యూట్యూబ్ కూడా ఇలాగే వస్తుందా? రాదు. ఇంటర్వ్యూలో చాలామంది జారిపడే చోటు ఇది. బయటి ఇంటర్నెట్‌లో మల్టీకాస్ట్ రూటింగ్ మామూలుగా నడవదు. యూట్యూబ్ మనలో ప్రతి ఒక్కరికీ విడివిడిగా, దగ్గర్లోని క్యాష్ సర్వర్ల నుంచి యూనికాస్ట్‌లోనే పంపుతుంది. మల్టీకాస్ట్ రాజ్యమేలేది ఒకే యాజమాన్యం కింద ఉన్న నెట్‌వర్కుల్లో. ఇంటర్నెట్ ప్రొవైడర్లు సెట్‌టాప్ బాక్స్‌కు పంపే ఐపీటీవీ చానళ్లు, స్టాక్ ఎక్స్ఛేంజీలు బ్రోకర్ల సర్వర్లకు పంపే ధరల ఫీడ్, టీవీ స్టూడియోల్లో కేబుళ్ల స్థానంలోకి వస్తున్న ఎస్‌టీ 2110 వీడియో, ఆడిటోరియంలలో వాడే డాంటే ఆడియో, పెద్ద క్యాంపస్‌ల సీసీటీవీ.. ఇవన్నీ దీనిమీద ఆధారపడేవే. మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ టిక్ బై టిక్ ఫీడ్ కూడా మల్టీకాస్టే. ట్రేడింగ్ సంస్థల నెట్‌వర్క్ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు దీన్ని వదిలేసి వెళ్లడమంటే హాల్ టికెట్ లేకుండా పరీక్షకు వెళ్లడమే.

క్లౌడ్ వైపు వెళ్లేవాళ్లకూ ఒక మాట. అమెజాన్ వీపీసీలో మల్టీకాస్ట్ మామూలుగా పనిచేయదు. 2019 చివర్లో వచ్చిన సదుపాయంతో ట్రాన్సిట్ గేట్‌వే ద్వారానే వీలవుతుంది. పాత అప్లికేషన్‌ను క్లౌడ్‌లోకి తరలించే ప్రాజెక్టుల్లో ఇది పంటికింద రాయిలా తగులుతుంది.

28 బిట్లను 23లో ఇరికించారు

ఐపీ వెర్షన్ 4లో 224.0.0.0 నుంచి 239.255.255.255 దాకా మల్టీకాస్ట్‌కు కేటాయించారు. వీటిని గ్రూప్ అడ్రస్‌లు అంటారు. ఇది ఏ ఒక్క కంప్యూటర్‌కీ చెందదు, గమ్యంగా మాత్రమే ఉంటుంది. పంపేవారి అడ్రస్ స్థానంలో గ్రూప్ అడ్రస్ కనిపించిందంటే ఏదో తేడా ఉన్నట్టే.

మొదటి నాలుగు బిట్లు అన్నింటికీ ఒకటే, 1110. మిగిలిన 28 బిట్లలోనే తేడా. కానీ స్విచ్ చూసేది ప్రధానంగా మ్యాక్ అడ్రస్‌ను. ఐపీ గ్రూప్‌ను మ్యాక్‌గా మార్చే సూత్రం 1989లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1112లో ఉంది. రాసింది స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టీవ్ డీరింగ్. మ్యాక్ మొదటి సగం ఎప్పుడూ 01-00-5ఈ. ఆ తర్వాత ఒక సున్నా బిట్. మిగిలిన 23 బిట్లలోకి ఐపీ అడ్రస్ చివరి 23 బిట్లను దించుతారు. 28లో 23 పోతే అయిదు. ఆ అయిదు బిట్లు గాలికి పోయినట్టే.

ఎందుకలా? నెట్‌వర్కింగ్ వాళ్లు తరచూ చెప్పుకునే కథ ఒకటుంది. 28 బిట్లూ పట్టాలంటే 16 మ్యాక్ బ్లాకులు కొనాలి. అంత డబ్బు పెట్టలేక ఒకటే బ్లాక్ కొన్నారట. దానిలోనూ జాన్ పోస్టెల్ సగమే మల్టీకాస్ట్‌కు ఇచ్చారట. కథ సంగతి ఎలా ఉన్నా దాని ఫలితాన్ని ఇప్పటికీ మనం మోస్తున్నాం.

ఒక ఉదాహరణ కాగితం మీద చేయండి. 239.10.20.30 అనే గ్రూప్ తీసుకోండి. మొదటి సంఖ్య వదిలేయండి. 10 అంటే హెక్సాలో 0ఏ, 20 అంటే 14, 30 అంటే 1ఈ. కాబట్టి మ్యాక్ 01-00-5ఈ-0ఏ-14-1ఈ. ఇప్పుడు 239.138.20.30 చేయండి. రెండో సంఖ్య 127 దాటితే అందులోంచి 128 తీసేయాలి. 138లోంచి 128 పోతే 10. అంటే మళ్లీ అదే మ్యాక్! మొదటి సంఖ్య 224 నుంచి 239 దాకా ఏదైనా కావచ్చు, అవి 16. రెండో సంఖ్య 10 గానీ 138 గానీ కావచ్చు, అవి రెండు. 16 రెళ్లు 32. ఒక్కో మ్యాక్ వెనక 32 ఐపీ గ్రూపులు దాక్కుని ఉంటాయి. '32 ఎలా వచ్చింది' అని అడిగితే ఇలా చెప్పండి, బోర్డు మీద బిట్లు గీసే పని తప్పుతుంది.

దీనివల్ల నష్టమేంటి? మ్యాక్ ఆధారంగా మాత్రమే వడపోసే స్విచ్‌లో రెండు గ్రూపుల మ్యాక్ ఒకటే అయితే, ఒకటి అడిగినవాళ్లకు రెండోదీ వచ్చిపడుతుంది. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటి ఉంది. 224.0.0.1 నుంచి 224.0.0.255 దాకా అడ్రస్‌లు నెట్‌వర్క్ సొంత అవసరాలకు కేటాయించినవి. 224.0.0.5, 224.0.0.6 ఓఎస్‌పీఎఫ్‌కు, 224.0.0.18 వీఆర్ఆర్‌పీకి, 224.0.0.251 ఎండీఎన్ఎస్‌కు. వీటిని స్విచ్ వడపోయకూడదు, అన్ని పోర్టులకూ పంపాలి. మీరు కెమెరాలకు 239.0.0.5 అని గ్రూప్ ఇచ్చారనుకోండి. దాని మ్యాక్, ఓఎస్‌పీఎఫ్ మ్యాక్ ఒకటే. ఇక చాలా స్విచ్‌లు ఆ వీడియోను వడపోయకుండా ఊరంతా పంచిపెడతాయి. 239.128.0.5 ఇచ్చినా అంతే. సంస్థ లోపల వాడుకోవడానికి 239తో మొదలయ్యేవే సరైనవి, అందులో సందేహం లేదు. కానీ రెండో సంఖ్య 0 లేదా 128, మూడోది 0 అయ్యేవాటి జోలికి వెళ్లకండి. 239.10.20.30 లాంటివి హాయి.

ఇంకో చిన్న చిట్కా. మ్యాక్ అడ్రస్ మొదటి బైట్‌లో చివరి బిట్ 1 అయితే అది గ్రూప్ అడ్రస్. అందుకే 01 బేసి సంఖ్య. ఐపీ వెర్షన్ 6 మల్టీకాస్ట్ మ్యాక్‌లు 33-33తో మొదలవుతాయి, 33 కూడా బేసే.

స్విచ్ చాటుగా వింటుంది

మామూలు మ్యాక్‌లను స్విచ్ ఎలా నేర్చుకుంటుందో మీకు తెలుసు. ఫ్రేమ్ ఏ పోర్టు నుంచి వచ్చిందో చూసి, పంపినవారి మ్యాక్‌ను ఆ పోర్టు పక్కన రాసుకుంటుంది. మల్టీకాస్ట్ మ్యాక్ ఎప్పుడూ పంపినవారి స్థానంలో రాదు కాబట్టి ఈ పద్ధతిలో దాన్ని నేర్చుకోవడం అసాధ్యం. తెలియని అడ్రస్ వస్తే స్విచ్ ఏం చేస్తుంది? అన్ని పోర్టులకూ పంపేస్తుంది. అంటే వడపోత లేని స్విచ్‌లో మల్టీకాస్ట్ కాస్తా దండోరా అయిపోతుంది.

దీని దెబ్బ ఎలా ఉంటుందో సీసీటీవీతో చూద్దాం. 30 కెమెరాలు, ఒక్కోటి 4 ఎంబీపీఎస్ మల్టీకాస్ట్‌లో పంపుతున్నాయి. మొత్తం 120 ఎంబీపీఎస్. ఇవన్నీ ప్రతి పోర్టుకూ వెళ్తాయి. కెమెరాలకు ఉండేవి చాలావరకు 100 ఎంబీపీఎస్ పోర్టులే. తక్కిన 29 కెమెరాల వీడియో వచ్చి ఒక్కో కెమెరా గొంతు మీద కూర్చుంటుంది. దాంతో అసలు వీడియో చూడని కెమెరాలే ముందు ఉక్కిరిబిక్కిరవుతాయి. వైఫై యాక్సెస్ పాయింట్ అదే వీల్యాన్‌లో ఉంటే మరీ ఘోరం. వైఫైలో మల్టీకాస్ట్ సాధారణంగా తక్కువ వేగంతో వెళ్తుంది కాబట్టి గాలిలో సమయమంతా అదే మింగేస్తుంది. 'హాస్టల్ వైఫై స్లో' అన్న ఫిర్యాదు వెనక ఒక్కోసారి ఉండేది ఇదే.

పరిష్కారం పేరు ఐజీఎంపీ స్నూపింగ్. గ్రూప్ కావాలనుకున్న కంప్యూటర్ 'నాకు 239.10.20.30 కావాలి' అని ఒక రిపోర్ట్ పంపుతుంది. ఆ రిపోర్ట్ నిజానికి రూటర్ కోసం. స్విచ్ పక్కింటి మాటలు విన్నట్టు దాన్ని మధ్యలో విని, ఆ గ్రూప్ ఎదురుగా ఆ పోర్టు నంబర్ రాసుకుంటుంది. ఇక ఆ వీడియో ఆ పోర్టుకే వెళ్తుంది. 2006లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 4541లో ఈ విధానానికి సూచనలున్నాయి. అందులో రెండు విషయాలు మరచిపోవద్దు. ఒకటి, పైన చెప్పిన 224.0.0 కుటుంబాన్ని వడపోయకూడదు. రెండు, విన్న రిపోర్టులను రూటర్ ఉన్న పోర్టువైపే పంపాలి, మిగతా కంప్యూటర్లకు కాదు.

రెండోది ఎందుకో ఆలోచించారా? ఐజీఎంపీ వెర్షన్ 2లో ఒక మర్యాద ఉంది. పక్కవాడు అదే గ్రూప్ అడిగినట్టు వినిపిస్తే 'వాడు అడిగాడుగా' అని మన కంప్యూటర్ నోరు మూసుకుంటుంది. రూటర్‌కు అది చాలు, ఒక్కరు అడిగినా పంపుతుంది. కానీ స్విచ్‌కు ఏ పోర్టులో ఎవరున్నారో విడివిడిగా తెలియాలి. మౌనంగా ఉన్నవాడి పోర్టు జాబితాలోకి ఎక్కదు, వాడికి బొమ్మ రాదు. అందుకే రిపోర్టులను ఇతరులకు వినపడనివ్వకూడదు. 2002లో వచ్చిన వెర్షన్ 3లో ఈ మర్యాదే తీసేశారు. అందరూ చెప్పాల్సిందే. ఆ రిపోర్టులు 224.0.0.22కు వెళ్తాయి.

చందా అడిగేవాళ్లు లేకపోతే..

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. చందాదారు ఇల్లు ఖాళీ చేసి చెప్పకుండా వెళ్లిపోతే? ఏజెంట్ నెలనెలా వచ్చి 'పేపర్ వేయమంటారా' అని అడుగుతాడు. జవాబు లేకపోతే ఆపేస్తాడు. నెట్‌వర్క్‌లో ఆ అడిగే పని క్వెరియర్‌ది. అది 224.0.0.1కు 'ఎవరికి ఏ గ్రూప్ కావాలి' అని ప్రశ్న పంపుతుంది. ప్రమాణం ప్రకారం 125 సెకన్లకోసారి. జవాబుకు 10 సెకన్ల గడువు. ఒక ప్రశ్న దారిలో పోయినా ఫర్వాలేదని రెండు విడతల అవకాశం ఇస్తారు. రెండు 125లు 250, దానికి 10 కలిపితే 260 సెకన్లు. అంతసేపటిలో ఏ రిపోర్టూ రాకపోతే ఆ పోర్టును జాబితాలోంచి కొట్టేస్తారు.

260 సెకన్లంటే నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు. గుట్టు విడిపోయింది కదా! మల్టీకాస్ట్ రూటర్ ఉన్న చోట క్వెరియర్ పని రూటరే చేస్తుంది. మన ప్రశ్నలో రూటర్ లేదు, ఒకటే స్విచ్, ఒకటే వీల్యాన్. ప్లేయర్ తెరవగానే కంప్యూటర్ తనంతట తాను ఒక రిపోర్ట్ పంపింది. స్విచ్ రాసుకుంది. వీడియో వచ్చింది. ఆ తర్వాత అడిగేవాళ్లు లేరు, అడగనిదే కంప్యూటర్ చెప్పదు. గడువు తీరగానే స్విచ్ ఆ పోర్టును తీసేసింది. ప్లేయర్ మూసి తెరిస్తే కొత్త రిపోర్ట్, కొత్తగా నాలుగు నిమిషాలు. ఎక్కడా ఏదీ చెడిపోలేదు. ప్రతి పరికరం తన పని సక్రమంగానే చేసింది, అందుకే కేబుళ్లు ఎన్ని మార్చినా తెమలదు.

కంపెనీని, మోడల్‌ను బట్టి గడువు కాస్త అటూ ఇటూ ఉంటుంది. సిస్కో క్యాటలిస్ట్‌లలో అయితే ఒకే వీల్యాన్‌లో మల్టీకాస్ట్ అసలే నడవని సందర్భాలున్నాయి. దీని మీదే ఆ సంస్థ ప్రత్యేకంగా ఒక సాంకేతిక పత్రం పెట్టింది. దొరికితే చదవండి, కోచింగ్ నోట్స్ పది చదివినదానికన్నా మేలు.

ఇలాంటప్పుడు తొందరపడి వేసే మందు ఒకటుంది, స్నూపింగ్ ఆపేయడం. ఆపగానే వీడియో వస్తుంది, నిజమే. కానీ అది దండోరాగా వస్తుంది. పది కంప్యూటర్ల ల్యాబ్‌లో చెల్లిపోతుంది. 30 కెమెరాల నెట్‌వర్క్‌లో అదే పని చేస్తే మర్నాటికి మీ ఫోన్ మోగుతుంది. ఇంటర్వ్యూలో 'స్నూపింగ్ డిజేబుల్ చేస్తాను' అన్న అభ్యర్థికీ 'క్వెరియర్ ఎవరో ముందు చూస్తాను' అన్న అభ్యర్థికీ మధ్య ఉద్యోగమంత దూరం ఉంది.

స్విచ్ మీద చేసే పని

సిస్కో ఐఓఎస్ స్విచ్‌లలో స్నూపింగ్ ముందే ఆన్‌లో ఉంటుంది. క్వెరియర్ ఉండదు. గ్లోబల్ కాన్ఫిగరేషన్‌లో 'ఐపీ ఐజీఎంపీ స్నూపింగ్ క్వెరియర్' అని ఇస్తే స్విచ్చే ప్రశ్నలు వేస్తుంది. దానికి ఆ వీల్యాన్‌లో ఐపీ అడ్రస్ గానీ, క్వెరియర్ కోసం విడిగా ఇచ్చిన అడ్రస్ గానీ కావాలి. ఏ చిరునామాతో అడగాలో తెలియకపోతే ఎలా అడుగుతుంది? ఒకే వీల్యాన్‌లో ఇద్దరు అడిగేవాళ్లుంటే తక్కువ ఐపీ ఉన్నవారు గెలుస్తారు, రెండోవారు తప్పుకుంటారు. అందుకే ఎక్కడో మూలనున్న చిన్న స్విచ్‌కు తక్కువ ఐపీ ఇచ్చి క్వెరియర్ ఆన్ చేయకండి. వీడియోలు పంపే సర్వర్‌కు దగ్గరగా, నెట్‌వర్క్ మధ్యలో ఉన్న స్విచ్‌కే ఆ బాధ్యత అప్పగించాలి.

తనిఖీకి రెండు కమాండ్లు. 'షో ఐపీ ఐజీఎంపీ స్నూపింగ్ గ్రూప్స్' ఏ గ్రూప్ ఏ పోర్టుకు వెళ్తోందో చెబుతుంది. 'షో ఐపీ ఐజీఎంపీ స్నూపింగ్ ఎంరూటర్' క్వెరియర్ వైపు పోర్టు ఏదో చెబుతుంది. సమస్య వచ్చినప్పుడు ముందు చూడాల్సింది రెండోదే. అది ఖాళీగా ఉంటే జబ్బు సగం తెలిసినట్టే. జునిపర్‌లో, అరుబాలో కమాండ్ల పేర్లు మారతాయి, వెతకాల్సిన వస్తువులు ఇవే. చవక రకం స్మార్ట్ స్విచ్‌లలో బ్రౌజర్‌లో ఒక పేజీ ఉంటుంది, అక్కడ 'తెలియని మల్టీకాస్ట్‌ను ఏం చేయాలి' అన్న ఎంపిక కూడా కనిపించవచ్చు. పంచిపెట్టడమా, పారేయడమా? పారేయమని పెట్టి క్వెరియర్ మరచిపోతే పైన చెప్పుకున్న కథే మళ్లీ మొదలవుతుంది.

ఇమీడియట్ లీవ్ అన్న సదుపాయం గురించి కూడా అడుగుతారు. మామూలుగా ఒకరు 'ఇక వద్దు' అంటే క్వెరియర్ 'ఇంకెవరికైనా కావాలా' అని సెకను వ్యవధితో రెండుసార్లు అడిగాకే ఆపుతారు. ఇమీడియట్ లీవ్ పెడితే అడగకుండా వెంటనే ఆపేస్తారు. టీవీ చానల్ మార్చేటప్పుడు ఇది బాగుంటుంది. కానీ ఆ పోర్టు కింద ఇంకో చిన్న స్విచ్ పెట్టి నలుగురు చూస్తుంటే, ఒకరు టీవీ కట్టేయగానే మిగతా ముగ్గురికీ బొమ్మ పోతుంది. పోర్టుకు ఒకటే పరికరం ఉన్నచోట మాత్రమే వాడాలి.

వడపోతలో మెలికలు

ఇక ఫలానా పోర్టుకు ఫలానా గ్రూపులే అందాలని నిబంధన పెట్టాలంటే? సిస్కోలో ఐజీఎంపీ ప్రొఫైల్ తయారుచేసి, అందులో అనుమతించే గ్రూపుల శ్రేణి ఇచ్చి, దాన్ని పోర్టుకు 'ఐపీ ఐజీఎంపీ ఫిల్టర్' పేరుతో తగిలిస్తారు. ప్రొఫైల్‌లో పర్మిట్ అని రాయకపోతే దాని స్వభావం డినై అని గుర్తుంచుకోండి. 'ఐపీ ఐజీఎంపీ మ్యాక్స్ గ్రూప్స్' తో ఒక పోర్టు ఒకేసారి ఎన్ని గ్రూపుల్లో చేరవచ్చో పరిమితి పెట్టొచ్చు.

అసలు మెలిక ఏంటంటే, ఈ ఫిల్టర్ ఆపేది చేరికను మాత్రమే. పంపేవాడిని ఆపదు. ఆ పోర్టులో ఉన్న విద్యార్థి ల్యాప్‌టాప్ నుంచి ఏ గ్రూప్‌కైనా వీడియో పంపుతూనే ఉండొచ్చు. దాన్ని ఆపడానికి యాక్సెస్ లిస్ట్ వేరే కావాలి. 'ఫిల్టర్ పెట్టాను, అయినా ట్రాఫిక్ వస్తోంది' అనే సమస్యను ఇంటర్వ్యూలో సినారియోగా ఇస్తే ఈ తేడా చెప్పగలగాలి.

స్టార్మ్ కంట్రోల్ ఇంకో ఆయుధం. మల్టీకాస్ట్ ఒక మోతాదు దాటితే పోర్టులో ఆపేస్తుంది. రెండు వైపులా పదునున్న కత్తి ఇది. మోతాదు దాటినప్పుడు క్యాటలిస్ట్ స్విచ్‌లు స్పానింగ్ ట్రీ బీపీడీయూలను, సీడీపీని వదిలిపెడతాయి గానీ ఓఎస్‌పీఎఫ్ సందేశాలకూ వీడియోకూ తేడా చూడవు. రెండూ ఆగిపోతాయి. రూటర్లు కలిసే పోర్టులో మోతాదు మరీ తక్కువ పెడితే వీడియో వరదతో పాటు రూటింగ్ కూడా కొట్టుకుపోతుంది.

ఇంట్లోనే ల్యాబ్

దీనికి స్విచ్ కొనక్కర్లేదు. ప్యాకెట్ ట్రేసర్ ఈ పనికి పెద్దగా అక్కరకు రాదు. ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్ చాలు, లైనక్స్ కెర్నెల్‌లో ఉన్న బ్రిడ్జే ఒక స్విచ్. మూడు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లు సృష్టించండి, మూడు కంప్యూటర్లు అనుకోండి. వాటిని వీఈటీహెచ్ జతలతో ఒక బ్రిడ్జికి కలిపి, ఒకే సబ్‌నెట్‌లో ఐపీలు ఇవ్వండి. ప్రతి నేమ్‌స్పేస్‌లో 224.0.0.0/4కు రూట్ చేర్చడం మరవద్దు, లేకపోతే 'నెట్‌వర్క్ అన్‌రీచబుల్' అని మొదట్లోనే ఆగిపోతారు. ట్రాఫిక్ కోసం ఐపెర్ఫ్ వెర్షన్ 2 వాడండి, వెర్షన్ 3లో మల్టీకాస్ట్ లేదు. ఇలా వాడేటప్పుడు ఒక సంగతి తెలిసి ఉండాలి. మల్టీకాస్ట్ ప్యాకెట్ల టీటీఎల్ మీరు మార్చకపోతే 1. అంటే రూటర్ దాటవు. ఈ ల్యాబ్‌లో రూటర్ లేదు కాబట్టి ఇబ్బంది లేదు గానీ, 'పక్క సబ్‌నెట్‌కు ఎందుకు రావట్లేదు' అన్న ప్రశ్నకు మొదటి అనుమానితుడు ఇదే.

మొదటి నేమ్‌స్పేస్ నుంచి 239.10.20.30కు పంపండి. రెండోదాంట్లో వినండి. మూడోది ఏ గ్రూప్‌లోనూ చేరకూడదు, అందులో టీసీపీడంప్ నడపండి. బ్రిడ్జిలో స్నూపింగ్ ఆన్, క్వెరియర్ ఆఫ్. ఏమవుతుంది? అడగని మూడోదానికీ ప్యాకెట్లు వచ్చిపడుతుంటాయి. క్వెరియర్ కనిపించనప్పుడు లైనక్స్ బ్రిడ్జి అందరికీ పంచిపెడుతుంది, అది దాని స్వభావం.

ఇప్పుడు బ్రిడ్జికి 'ఎంకాస్ట్ క్వెరియర్ 1' ఇవ్వండి. పది సెకన్లు ఆగండి. మూడోదాంట్లో టీసీపీడంప్ మూగబోతుంది, రెండోదాంట్లో వీడియో కొనసాగుతుంది. మూడోదాంట్లోనూ ఐపెర్ఫ్ రిసీవర్ తెరవండి, ఆ క్షణమే ప్యాకెట్లు మొదలు. వైర్‌షార్క్‌లో ఐజీఎంపీ అని ఫిల్టర్ పెట్టి చూస్తే 224.0.0.1కు వెళ్లిన ప్రశ్న, దానికి వచ్చిన జవాబు కళ్లెదుటే కనిపిస్తాయి. ఆ క్యాప్చర్ ఫైళ్లను, మీరు వాడిన స్క్రిప్టును గిట్‌హబ్‌లో పెట్టి, రెజ్యూమెలో ఒక్క వాక్యం రాయండి. 'నాలెడ్జ్ ఆఫ్ సీసీఎన్ఏ' అనే లైన్ కన్నా అది ఎక్కువ మాట్లాడుతుంది. సీసీఎన్‌పీ ఎన్‌కోర్ పరీక్ష సిలబస్‌లో ఐజీఎంపీ వెర్షన్ 2, 3 ఎలాగూ ఉన్నాయి, ఈ శ్రమ అక్కడా కలిసొస్తుంది.

పని అయిపోయిందని అప్పుడే కట్టేయకండి. 'బ్రిడ్జ్ ఎండీబీ షో' కమాండ్‌ను గణాంకాల ఆప్షన్‌తో నడిపి, గ్రూప్ పక్కనుండే టైమర్‌ను గమనించండి. మొదటి ప్రశ్నలు త్వరత్వరగా వెళ్తాయి, తర్వాత 125 సెకన్లకోసారి. టైమర్ 260 నుంచి తగ్గుతూ సుమారు 135 దాకా వచ్చి, ప్రశ్నకు జవాబు రాగానే మళ్లీ 260కి ఎగురుతుంది. ఇప్పుడు క్వెరియర్‌ను ఆపండి. టైమర్ ఇక ఎగరదు. దిగి దిగి సున్నా అవుతుంది, గ్రూప్ జాబితాలోంచి మాయమవుతుంది. లైనక్స్ కాబట్టి మూడో నేమ్‌స్పేస్‌లో రిసీవర్ మూసినా మళ్లీ వరద వస్తుంది, వీడియో మాత్రం ఆగదు. తెలియని గ్రూప్‌ను పారేసే స్విచ్ అయితే సరిగ్గా ఆ సున్నా దగ్గరే బొమ్మ ఆగిపోయేది.